పిప్పి పన్ను, రెండో బాణం



పోయిన నెలలో నేనొక పన్ను పీకించుకున్నాను. ఇది కూడా ధమ్మం పుస్తకంలో రాయాల్సిన సంగతేనా అని మీరు నవ్వొచ్చు. నవ్వండి. కానీ ఆ పన్ను పోతూ పోతూ నాకొక ప్రశ్న వదిలిపోయింది: బాధను ఓర్చుకోవడం గొప్పా, బాధను తీయించుకోవడం గొప్పా?

కింది దవడలో ఎడమవైపు పిప్పి పన్ను. ఎనిమిది నెలలు సలిపింది. లవంగం పెట్టాను, లవంగ నూనె పెట్టాను. మా పెద్దమ్మ వాకుడుకాయల గింజలు నిప్పుల మీద వేసి పొగ పట్టమంది, పురుగు రాలిపోద్దంట. "పురుగూ లేదు గిరుగూ లేదు పెద్దమ్మా, పాచిలో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని పులిసేలా చేస్తే ఆ పులుపు పన్నును తినేస్తది" అని ఉపన్యాసం ఇచ్చాను. ఉపన్యాసం ఇచ్చానే గానీ డాక్టరు దగ్గరకు మాత్రం పోలేదు.

ఎందుకు పోలేదంటే, ధ్యానం చేస్తున్నాను కదా! వేదన పుడుతుంది, పోతుంది, దాన్ని గమనించాలి అని విహారంలో ప్రతి ఆదివారం చెప్పేది నేనే. రాత్రి రెండింటికి లేచి కూర్చుని గమనించేవాణ్ణి. నిజం చెప్పాలంటే అది గమనించడం కాదు, నాకు సూదంటే భయం. ఆ భయానికి ధమ్మం ముసుగేశాను. జీవకుడు వైద్యం చేస్తానంటే బుద్ధుడే కాదనకుండా చేయించుకున్నాడు. నేనెంతటివాణ్ణి?

చివరకు పెద్దాసుపత్రికి పోయాను. బల్ల మీద నా పక్కన ఒక తాత, తువ్వాలుతో బుగ్గ కట్టుకుని కూర్చున్నాడు. "ఏ జన్మలో చేసుకున్న పాపమో బాబూ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ మాట మీద. చచ్చిన గొడ్డును మోయమన్నప్పుడు మన తాతలకు చెప్పిన మాట కూడా ఇదే కదా.

సంయుత్త నికాయంలో సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సూటిగా అడుగుతాడు: మనిషి అనుభవించేదంతా పూర్వం చేసినదాని ఫలమే అంటున్నారు కొందరు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, రుతువు మారడం వల్ల, దెబ్బ తగలడం వల్ల కూడా బాధలు పుడతాయి, ఇది ఎవరికి వారు తెలుసుకోగలిగిందే అని చెప్పాడు. బాబాసాహెబ్ కూడా ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో గత జన్మ కర్మను గట్టిగా ప్రశ్నించాడు. పన్ను పుచ్చితే కారణం పంట్లో వెతకాలి.

మరి రెండో బాణం సంగతి? సల్ల సుత్తం మీరు విన్నదే. బాణం తగిలిన మనిషి ఒంటి నొప్పితో ఊరుకోడు, ఏడ్చి, కుమిలి, రెండో బాణం తానే పొడుచుకుంటాడు. మంచి బోధ. కానీ దీన్ని మన మీదకే తిప్పేవాళ్లున్నారు. టీ బంకులో వేరే గ్లాసు పెడితే "మనసుకు తీసుకోకండి, అది మీ రెండో బాణం" అంటారు. రెండోది పొడుచుకోవద్దంటే మొదటిది ఒంట్లోనే ఉంచుకోమని అర్థమా? పట్టకారు ఎందుకున్నట్టు?

డాక్టరమ్మ చిన్న పిల్ల. చీటీ మీద నా ఇంటిపేరు చదివి ఒక్క క్షణం ఆగింది. ఇంకేముంది అనుకున్నాను. "ఎక్స్‌రే ఏదండీ?" అంది.

అంతే. బాణం రాకముందే గుండె అడ్డం పెట్టుకుని కూర్చున్నది నేనే. అలా కూర్చోవడం మనకు ఎవరు నేర్పారో మీకు నేను చెప్పక్కర్లేదు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ ఒక ఉత్తరాన్ని ఎత్తి రాశాడు. 1929 డిసెంబరులో ‘యంగ్ ఇండియా’లో అచ్చయింది. కథియవాడ్‌లో ఒక అంటరాని పంతులు గారి భార్య, బాలింత. డాక్టరు వాళ్ల వాడలోకి రానన్నాడు. పసిబిడ్డతో ఆమెనే బయటికి తీసుకెళ్లారు. థర్మామీటరును డాక్టరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త ఆమెకిచ్చాడు. మళ్లీ అదే వరసలో వెనక్కి పోయింది. ఆమె బతకలేదు. ఆ గాజుగొట్టం నా మనసులోనూ ఎక్కడో చేతులు మారుతూనే ఉంది.

ఈ అమ్మాయి వేళ్లు మాత్రం నా నోట్లోనే ఉన్నాయి. బీపీ, సుగర్ అడిగింది, చిగురుకు మత్తు సూది ఇచ్చింది. పెదవి మొద్దుబారి ఎవరిదో అయినట్టుంది. "నొప్పి తెలీదు, లాగుతున్నట్టు ఉంటది, భయపడొద్దు" అంది. చెవి పక్కన కటుక్కుమంది. ఎనిమిది నెలల బాధ, ఎనిమిది నిమిషాలు కూడా పట్టలేదు.

గాజుగుడ్డ అరగంట కొరికి పట్టుకోవాలి. ఒక రోజంతా పుక్కిలించకూడదు, ఉమ్మకూడదు. ఆ గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి కాపలా. అది ఊడితే మళ్లీ సలుపు. నాలుక మాత్రం ఊరుకోదు, పదేపదే ఆ ఖాళీలోకే పోతుంది.

బయటికొస్తే తాత ఇంకా అక్కడే ఉన్నాడు. "నొప్పి పుట్టిందా బాబూ?" అన్నాడు. లేదని తల ఊపాను. పాపం సంగతి కూడా చెబుదామనుకున్నాను గానీ నోటినిండా గుడ్డ. ఆయన పేరు పిలిచేదాకా పక్కనే కూర్చున్నాను.