మూడో రకం వాళ్లు ఎందుకు మానుకోరు?

‘క్వార్టెట్’ అనే జపనీస్ టీవీ డ్రామా చివరి ఎపిసోడ్‌లో ఒక ఉత్తరం వస్తుంది. కింద పేరుండదు. ఏడాది కిందట మీ కచేరీ విన్నాను, ఏమీ బాగోలేదు, అని మొదలుపెడుతుంది రాసినావిడ. మీలో ప్రతిభ లేదంటుంది. గొప్ప సంగీతం తయారయ్యే చోట పొగగొట్టంలోంచి బయటికొచ్చే పొగ లాంటివాళ్లు మీరంటుంది. ఆ పొగకి విలువ లేదు, అర్థం లేదు, అది ఎవరికీ అక్కర్లేదు. నేనూ ఒకప్పుడు వాయించేదాన్నే, పొగనని తెలిశాక ఐదేళ్ల కిందట మానేశాను. మరి మీరెందుకు మానలేదు? ఇదీ ఆ ఉత్తరం సారాంశం.

డ్రామా చూసి చాలా రోజులైంది. కథలో మలుపులు మెల్లగా చెరిగిపోతున్నాయి. ఉత్తరం మాత్రం వదల్లేదు. వెక్కిరించడానికి రాసిన ఉత్తరమైతే ఈపాటికి మర్చిపోయేదాన్ని. ఆవిడ నిజంగానే జవాబు అడుగుతోంది. తను మానెయ్యడం సబబే అయితే వీళ్లు వాయిస్తూ పోవడం సిగ్గులేనితనం అవ్వాలి. వీళ్లు చేసేది సబబైతే తను పోగొట్టుకున్న ఐదేళ్ల మాటేమిటి? ఇది సంగీతం గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఎలా బతకాలన్న ప్రశ్న.

‘క్వార్టెట్’ 2017 జనవరి నుంచి మార్చి దాకా టీబీఎస్ ఛానెల్లో పది ఎపిసోడ్లుగా వచ్చింది. రాసింది సకమోతో యూజి. 2023లో కొరేఎదా సినిమా ‘మాన్‌స్టర్’కి కాన్‌లో స్క్రీన్‌ప్లే అవార్డు అందుకున్నది ఈయనే. కథలో నలుగురు, అందరూ ముప్ఫైల్లో ఉన్నవాళ్లు. మాకి గృహిణి, భర్త కనిపించకుండా పోయాడు. సుజుమే ఏ పనిలోనూ నిలవని మనిషి. బెప్పు డోనట్ కంపెనీలో ఉద్యోగి; ఇంట్లో అందరూ పేరున్న సంగీతకారులు, తనొక్కడే ఏమీ కాలేదు. ఇయెమోరి ఒక బ్యూటీ సెలూన్లో పార్ట్‌టైమ్ చేస్తుంటాడు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. టోక్యోలో ఒక కరవోకేలో ‘అనుకోకుండా’ కలిసి, కరుయిజావా కొండల్లో బెప్పు తాతగారి విల్లాలో చలికాలమంతా ఉంటూ, ఊళ్లో ఒక రెస్టారెంట్‌లో వారాంతాల్లో వాయిస్తుంటారు. గుంపు పేరు డోనట్స్ హోల్, అంటే డోనట్ మధ్యలో ఉండే కన్నం. (ఇక్కణ్ణించి కథ చాలావరకు బయటపడుతుంది. చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.)

కథలో హత్య అనుమానం ఉంది, గూఢచర్యం ఉంది, దొంగ పేరుతో బతుకుతున్న మనిషి ఉంది. అయినా ఎక్కువసేపు వీళ్లు భోజనం బల్ల దగ్గరే కూర్చుని ఉంటారు. మొదటి ఎపిసోడ్‌లోనే కోడి వేపుడు మీద నిమ్మకాయ పిండడం గురించి పెద్ద చర్చ. బెప్పు, సుజుమే మంచి మనసుతోనే అందరి పళ్లెం మీదా పిండేస్తారు. ఇయెమోరి గిలగిల్లాడిపోతాడు. ఒకసారి పిండాక వెనక్కి తీసుకోలేం కదా అంటాడు. పోనీ, ‘పిండనా’ అని అడిగితే సరిపోతుందా? సరిపోదట. అలా అడిగితే ఎదుటివాడు మొహమాటానికైనా సరే అనాల్సొస్తుంది. ‘నిమ్మకాయ ఉంది కదా’ అనాలి. ఉందని అందరూ ఒకసారి గుర్తించాలి, ఆ తర్వాత ఎవరి ఇష్టం వాళ్లది.

మొదటిసారి చూసినప్పుడు ఇదంతా హాస్యం కోసం పెట్టారనుకుంటాం. తర్వాత తెలుస్తుంది, మాకి తన భర్త ప్లేట్లో ఎన్నాళ్లుగానో నిమ్మకాయ పిండుతూ వచ్చిందని. ఆయనకి అది ఇష్టం లేదు, చెప్పలేదు. ఒకరోజు బయట ఎవరితోనో ఆయన అంటుండగా ఆవిడ చెవినపడుతుంది. ఆయన తనకి ప్రాణమైన కవితల పుస్తకం ఆవిడకిస్తే, అది గిన్నె కింద పెట్టుకునేదైపోతుంది. ఇద్దరూ చెడ్డవాళ్లేం కాదు. కేకలు లేవు, కొట్టుకోవడాలు లేవు. ఇద్దరిలో ఒకరు చెప్పకుండా మింగుతూ వచ్చారు, అంతే. ఈ డ్రామా నెమ్మదిగా నడవడానికి కారణం అదేననుకుంటాను. ఇలాంటి నష్టం రెండు నిమిషాల సీన్లో చూపిస్తే కనపడదు. భోజనం తర్వాత భోజనం పోగవ్వాలి.

ఉత్తరం అడిగిన ప్రశ్నకి మనకి తెలిసిన జవాబులు రెండున్నాయి. ఒకటి, నీ మనసుకి నచ్చింది చెయ్యి, లోకం ఏమనుకుంటే నీకేం. రెండోది, అది కూడు పెడుతుందా? మొదటిది మోటివేషన్ వీడియోల భాష, రెండోది ఇంట్లో నాన్నల భాష. పైకి ఎదురెదురుగా కనిపించినా, అడుగున రెండిటి నమ్మకమూ ఒకటే. మనసుకి నచ్చింది చేస్తే చివరికి గెలుస్తావని ఒకరు, గెలవవు కాబట్టి వద్దని ఇంకొకరు. గెలుపే కొలబద్ద. గెలవడని తెలిసిపోయినవాడికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

తత్వవేత్తల దగ్గరైనా ఉందా అని చూస్తే, బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ‘మోరల్ లక్’ అనే వ్యాసంలో దాదాపు ఇదే చిక్కుముడి పట్టుకున్నాడు. ఆయన తీసుకున్న ఉదాహరణ చిత్రకారుడు గోగాఁ. ప్యారిస్ స్టాక్ మార్కెట్లో ఉద్యోగం చేసుకున్న మనిషి, భార్యా ఐదుగురు పిల్లలూ ఉన్న మనిషి, బొమ్మల కోసం అన్నీ వదిలి చివరికి 1891లో తహితీ ద్వీపానికి ఓడెక్కాడు. విలియమ్స్ తన వాదానికి కావలసినట్టు ఈ కథని మలుచుకుని అనేదేమిటంటే, అలాంటి నిర్ణయాన్ని సమర్థించగలిగేది ఏదైనా ఉంటే అది గెలుపొక్కటే. బయల్దేరే రోజున గెలుస్తాడో లేదో అతనికీ తెలీదు. అంటే తను చేసింది సబబా కాదా అన్నది కూడా అదృష్టం చేతిలో ఉంది. నీతి మన చేతిలో ఉంటుందనుకునేవాళ్లకి ఇది మింగుడుపడని మాట. ఆ ఇబ్బంది కోసమే ఆయన రాశాడు.

అయితే ఇందులో ఒక మనిషి కనపడడు. ఎక్కడికీ ఓడెక్కనివాడు, గొప్ప బొమ్మలు వెయ్యలేనివాడు, వెయ్యలేనని తెలిసినవాడు, అయినా శనివారం సాయంత్రం కుంచె పట్టుకునేవాడు. మనలో చాలామంది ఈ రకమే. గోగాఁ లెక్క మనకి పనికిరాదు, ఎందుకంటే మనం ఎదురుచూసే గెలుపంటూ ఏదీ లేదు. సకమోతో ఈ మూడో రకం వాళ్ల కథ రాశాడు. నాకు అర్థమైనంతలో, వాళ్లు ఏ షరతుల మీద కొనసాగవచ్చో మెల్లగా తేలుస్తాడు.

మొదటి షరతు అబద్ధం చెప్పకపోవడం. మొదటి ఎపిసోడ్‌లో ఒక ముసలి పియానిస్టు ఉంటాడు. ఇంకో తొమ్మిది నెలలే బతుకుతానని చెప్పుకుని ఆ రెస్టారెంట్‌లో వాయిస్తుంటాడు. జాలితో జనం వస్తుంటారు. జబ్బు అబద్ధమని మాకికి తెలుసు, యజమానులకి చెప్పేస్తుంది. అతను పోతేనే వీళ్లకి చోటు దొరుకుతుంది. క్రూరంగానే ఉంటుంది, మిగతా ముగ్గురూ నొచ్చుకుంటారు కూడా. కానీ అతనిలో వాళ్లు తమ రేపటిని చూస్తారు. సంగీతం చాలనప్పుడు దాని పక్కన ఏదో ఒక కథ పెట్టి అమ్ముకోవలసిన రోజు.

ఆ రోజు రానే వస్తుంది. ఐదో ఎపిసోడ్‌లో ఒక పెద్ద ఈవెంట్‌లో అవకాశం దొరుకుతుంది. విచిత్రమైన వేషాలు, డైలాగులు, చివరికి వాయించడానికి టైమ్ లేదు కాబట్టి రికార్డు పెడతాం, మీరు వాయిస్తున్నట్టు నటించండి అంటారు. మూడో రకం వాడికి ఆశయం కూడా ఉంటే వాడు నాలుగో రకమే అన్నట్టు మాట్లాడతాడు నిర్వాహకుడు. వీళ్లు అలిగి వెళ్లిపోరు. ఒప్పుకున్న పని పూర్తిగా చేస్తారు, వేషాలు వేసుకుని, నవ్వుతూ. తర్వాత రోడ్డు మీద నిలబడి తమ వాయిద్యాలు తాము వాయించుకుంటారు. ఉద్యోగం చేసే ఎవరికైనా ఈ ఎపిసోడ్ గుచ్చుకుంటుంది. పొద్దున్నించీ సాయంత్రం దాకా మీటింగుల్లో రికార్డుకి తగ్గట్టు చేతులాడించినవాళ్లమే కదా. జీతం కోసం నటించడం ఒకటి, అదే నా సంగీతం అని నమ్మించడం ఒకటి. ఈ రెండిటి మధ్య తేడా చెరిగిపోనివ్వకుండా ఉంటే చాలు, అది చిన్న గౌరవమేం కాదు.

రెండో షరతు కష్టమైంది. ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూడటం. ఇయెమోరికి విడాకులైన భార్య ఉంది, ఒక కొడుకున్నాడు. నిలకడైన సంపాదన లేని మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆవిడ వైపు నుంచి కూడా కథ చూపిస్తుంది. నలుగురూ అద్దె లేకుండా ఉంటున్నది బెప్పు తాతగారి ఇంట్లో. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. తాతగారి విల్లా ఉన్నవాళ్లు మూడో రకంగా ఉండగలరు. నెలనెలా ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లకి ఆ వెసులుబాటు ఎక్కడిది? డ్రామా దీనికి పూర్తి జవాబు చెప్పదు. బెప్పు తమ్ముడు వచ్చి ఇల్లు అమ్మే ప్రస్తావన తెచ్చి, ఆ ప్రశ్నని భోజనం బల్ల మీద పెట్టి వెళ్తాడు.

కానీ నిమ్మకాయ దగ్గరికి మళ్లీ వెళ్తే కొంత జవాబు దొరుకుతుంది. మన అభిరుచి కూడా పక్కవాళ్ల పళ్లెం మీద మనం పిండే నిమ్మకాయే. ఆదివారాలు, డబ్బు, ఇంటి పని, మన చిరాకు, వీటన్నిటి రూపంలో వాళ్లు దాన్ని మింగుతుంటారు. ‘నీకేం ఇబ్బంది లేదుగా’ అని అడిగితే లేదనే అంటారు. ఇయెమోరి చెప్పిన పద్ధతే మేలు. నిమ్మకాయ ఉంది కదా. నేను రాసుకునే ఈ రెండు గంటలకి ఇంట్లో ఎవరో ఒకరు ఖర్చు పెడుతున్నారు కదా. ముందు గుర్తించడం, పేరు పెట్టి చెప్పుకోవడం. గెలిచాక అంతా సర్దుకుంటుందన్న గోగాఁ లెక్క లేనప్పుడు, లెక్కలు ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే. ఇది మూడో రకం వాళ్లకే ఉన్న నిజాయితీ అవకాశం అని కూడా అనిపిస్తుంది. ప్రతిభ పేరు చెప్పి తప్పించుకునే దారి వీళ్లకి లేదు.

ఇక అసంతృప్తి సంగతి. మనకి చిన్నప్పట్నించీ చెప్పేది తృప్తి గొప్పదని, ఉన్నదాంతో సర్దుకొమ్మని. ఆఫీసులో పనిచేసేవాళ్లకి ఫలం ఆశించకుండా పనిచెయ్యమని గీత చెప్పినట్టు పోస్టర్లు కూడా ఉంటాయి, ఇంక్రిమెంట్ల సీజన్లో మరీ. కానీ అసంతృప్తి రెండు రకాలు. ఒకటి పక్కవాణ్ణి చూసి పుట్టేది. వాడికి ప్రమోషనొచ్చింది, దానికి పుస్తకం అచ్చయింది. రెండోది పనిని చూసి పుట్టేది. నా చెవికి వినపడేది ఒకటి, నా చేతికి పలికేది ఇంకొకటి. మొదటిది మనిషిని తినేస్తుంది. రెండోది లేకపోతే సాధనే ఉండదు. ఉత్తరం రాసినావిడ చెవి మంచిదే. వీళ్లు బాగా వాయించట్లేదని సరిగ్గానే విన్నది. కాకపోతే రెండో అసంతృప్తి చెప్పిన మాటని మొదటి అసంతృప్తి భాషలోకి మార్చుకుంది. ‘ఇంకా పలకలేదు’ అన్నది ‘నేను పొగని’ అయిపోయింది. గుంపుకి డోనట్ కన్నం అని పేరెందుకో అప్పుడు అర్థమవుతుంది. ఆ ఖాళీ పూడిస్తే అది డోనట్ కాదు.

తెలుగులో రాసేవాళ్లకి ఈ ఉత్తరం కొత్తదేం కాదు. సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకుని, సగం పంచిపెట్టి, మిగతా సగం మంచం కింద పెట్టుకునేవాళ్ల మధ్య మనం తిరుగుతుంటాం. ఎవరు చదువుతారండీ అని చుట్టాలు నవ్వుతూనే అడుగుతారు. నేను కూడా రాత్రి పదకొండింటికి ఇది రాస్తూ ఆ మాటే అనుకున్నాను. దానికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. నాలుగో వాక్యం ఇంకా కుదర్లేదనీ, కుదిరితే బాగుంటుందనీ మాత్రం తెలుసు.

డ్రామాలో కూడా ఆ ఉత్తరానికి ఎవరూ జవాబు రాయరు. అప్పటికి మాకి దొంగ పేరు సంగతి పత్రికలకెక్కి గోలయింది. ఆ చెడ్డపేరునే వాడుకుని పెద్ద హాల్లో కచేరీ పెడదామంటుంది ఆవిడే. హాలు నిండుతుంది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది వింత చూడ్డానికి వచ్చినవాళ్లే, వీళ్లకీ తెలుసు. ముసలి పియానిస్టుని వెళ్లగొట్టినావిడ ఇప్పుడు తన కథ పెట్టి టికెట్లమ్ముతోంది. తేడా ఒకటే, ఈ కథ అబద్ధం కాదు. అది చాలా అని అడిగితే నేను ఖచ్చితంగా చెప్పలేను. చేరేవాళ్లకి చేరుతుంది, ఒకరికో ఇద్దరికో చేరినా చాలు అన్నది ఆవిడ లెక్క.

షూబర్ట్ ‘డెత్ అండ్ ది మెయిడెన్’తో మొదలుపెడతారు. మొదటి పాట అయ్యేసరికి చాలామంది లేచి వెళ్లిపోతారు. మిగిలినవాళ్ల కోసం వాయించేవాటిలో ‘మ్యూజిక్ ఫర్ ఎ ఫౌండ్ హార్మోనియమ్’ ఒకటి. సైమన్ జెఫ్స్ అనే ఆయనకి 1982లో క్యోతోలో ఒక సందులో ఎవరో పారేసిన హార్మోనియం దొరికితే, దాని మీద కట్టిన పాట అది. ఎవరికీ అక్కర్లేదని బయట పడేసిన వస్తువు మీద. డ్రామా ఈ సంగతి ఎక్కడా నొక్కి చెప్పదు. మిగిలిన ఆ కొద్దిమందిలో ఉత్తరం రాసినావిడ కూడా ఉంటుంది. ఆవిడకి నచ్చిందో లేదో, మళ్లీ వాయిద్యం ముట్టుకుంటుందో లేదో మనకి చెప్పరు. కచేరీ అయ్యేదాకా మాత్రం కుర్చీలోంచి లేవదు.