బాకీ ఎవరిది?

అమ్మ సంవత్సరీకానికి ఇల్లు సర్దుతుంటే అటకమీది ట్రంకుపెట్టెలోంచి ఒక ప్రోనోటు బయటపడింది. తేదీ 1967. మొత్తం రెండు వందల రూపాయలు. కింద వేలిముద్ర. జగిత్యాల దగ్గరి మా ఊళ్ళో ఆ వేలిముద్ర వేసినాయన, ఆ రెండు వందలకి మా ఇంట్లో పదకొండేళ్ళు జీతమున్నాడు.

1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగాక, చాలామంది దొరల్లాగే మా తాతా ఊరు విడిచి కరీంనగర్ చేరాడు. ఊరు వదిలాడు గాని పెట్టె వదల్లేదు. అప్పటికే 1976 నాటి చట్టం వెట్టిచాకిరీ బాకీలన్నిటినీ రద్దు చేసింది. చెల్లని కాగితమని తెలిసీ తాత దాన్ని చింపలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? వేములవాడ పోయి కోడెను కట్టి వస్తే సరిపోదా అని మొదట తోచింది. నవ్వకండి. మనుషులతో కన్నా దేవుడితో లెక్క తేల్చుకోవడం మనకి సులువు. ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు కదా!

ఆయన కూతురు మంచిర్యాలలో నర్సు అని తెలిసింది. వాళ్ళు క్రైస్తవులు. ఎందుకైనా మంచిదని బైబిలు తిరగేశాను. కొలస్సయులకు రాసిన లేఖలో పౌలు, మన మీదున్న రుణపత్రాన్ని దేవుడు సిలువకి మేకులతో కొట్టేశాడంటాడు. ఇంత మంచి పోలిక దొరికాక నవలలు రాసే మనిషి ఊరుకుంటుందా? ఆమె ముందే ప్రోనోటు చింపి 'బాకీ మాఫ్' అందామని బస్సెక్కాను. గోదావరి వంతెన దాటేదాకా నా మంచితనానికి నేనే మురిసిపోయాను.

"కూసో చెల్లే" అని చాయ్ ఇచ్చిందామె. వాళ్ళ నాయన మా నానమ్మని 'దొరసానీ' అని తప్ప పిలిచి ఎరగడు. కాగితం తీసుకుని, ఆ వేలిముద్ర మీద తన వేలు ఆనించి చాలాసేపు కూర్చుంది.

"మాఫ్ చేసెతందుకు వచ్చినవా? లెక్క జెయ్యి చెల్లే. రెండు నూర్లకు పదకొండేండ్లు జీతమున్నడు. బాకీ ఎవలు ఎవలికున్నరు?"

నాకు నోట మాట రాలేదు.

"మా నాయిన బాకీ ఎగ్గొట్టిండని ఊర్ల ఇప్పటికీ అంటరు. గా మాట మోసుకుంటనే సచ్చిపోయిండు."

"మమ్మల్ని క్షమించక్కా" అన్నాను.

"గది నేనెన్నడో చేసిన. ప్రభువు నన్ను మాఫ్ చేసినంక నేను చెయ్యకుంటె ఎట్ల? గని మీరెవలు వచ్చి అడగలే. అడగని మాఫీ నా తాననే ఉన్నది. మీకెట్ల ముడుతది?"

తిరుగు బస్సులో ఆ మాటే చెవుల్లో మోగింది. సిలువ అర్థమేమిటని పండితులు ఎంత వాదించుకున్నారు! పాపానికి దాసుడైన మనిషిని విడిపించిన మూల్యం క్రీస్తు ప్రాణమన్నారు తొలినాటివాళ్ళు. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్, అది మనిషి దేవుడికి పడ్డ బాకీ అన్నాడు. తీర్చవలసింది మనిషి, తీర్చగలిగింది దేవుడొక్కడే, అందుకే దేవుడు మనిషయ్యాడన్నాడు. తరువాతి తరంలో అబెలార్డ్, సిలువమీది ప్రేమని చూసి మనిషి మనసు మారడమే ముఖ్యమన్నాడు.

ఎవరేమన్నా, ఈ కథలో ముందుగా అడుగు వేసింది తప్పు చేసినవాడు కాదు, తప్పుకి గురైనవాడు. మొక్కులతో దేవుడి కోపం చల్లార్చాలనుకుంటాం మనం. కొరింథీయులకు రాసిన రెండో లేఖలో పౌలు దీన్ని తిరగేశాడు. దేవుడు తన వైపు నుంచి రాజీకి వచ్చేశాడు, ఇక రావలసింది మీరేనన్నాడు. నర్సక్క వచ్చి ఎన్నేళ్ళుగానో నిలబడి ఉంది. మేమే పోలేదు. పోయినరోజున కూడా నేను అప్పులిచ్చినదాని వేషంలో పోయాను!

అలాగని దేవుడు క్షమించాడు కదా అని మనిషి గుమ్మం తప్పించుకోవడానికి లేదు. కానుకని బలిపీఠం దగ్గరే వదిలి, ముందు పోయి సోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు యేసు. మనం జవాబనే అర్థంలో వాడే 'సమాధానం' వాళ్ళ తెలుగులో శాంతి, సఖ్యత. పన్నులు వసూలు చేసే జక్కయ్య అయితే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నాలుగింతలు! పదకొండేళ్ళ కూలి ఒక్కింత లెక్క వేస్తేనే నాకు గుండె దడ పట్టుకుంది. అయినా వేస్తున్నాను.

పైసల సంగతి తర్వాత, ముందుగాల ఊరికి రమ్మంది అక్క. వచ్చే ఆదివారం పోతున్నాం. పదిమంది ముందూ నేను అనవలసింది రెండు ముక్కలు: "ఆయన మాకు బాకీ లేడు. మేమే ఆయనకు బాకీ." ఇన్ని నవలలు రాసినదాన్ని, ఆ రెండు ముక్కలూ అద్దం ముందు నిలబడి రోజూ ఒప్పజెప్పుకుంటున్నాను.

ప్రోనోటు ఇంకా చింపలేదు. ఊరు చూశాక చింపాలంది అక్క.