తెలిసినవాని దోషము

పరీక్షల కాలము వచ్చినపుడు మన యిండ్లలో వినవచ్చు పాఠముల ధ్వని తరమునకొక తీరుగా మారుచు వచ్చినది. తాతలనాడు అమరకోశము, తండ్రులనాడు ఎక్కములును ఆంగ్ల వ్యాకరణమును. నేడు బెంగుళూరులోనో, చెన్నపట్టణములోనో, బరంపురములోనో వైద్య ప్రయోగశాలా విద్యకు గాని పశువైద్య విద్యకు గాని చేరిన మన పిల్లలు తెల్లవారుజామున లేచి “స్టాఫిలోకాకస్, గ్రామ్ పాజిటివ్, ద్రాక్షగుత్తి, స్ట్రెప్టోకాకస్, గ్రామ్ పాజిటివ్, గొలుసు” అని వల్లె వేయుచుండగా వినుచున్నాము. ప్రక్కగదిలో జపము చేసికొనుచున్న నాయనమ్మకు ఇదియు నొక నామావళియే.

ఈ వల్లెవేతను మేము తక్కువగా చూచువారము కాము. కంఠస్థము చేయక శాస్త్రము నేర్చినవారు మన దేశమున అరుదు. మాకు తోచిన ప్రశ్న వేరు. రోగకారకములైన సూక్ష్మజీవులను గూర్చి చదివి ఉత్తీర్ణుడైనవాడు పట్టమును, జీవనోపాధిని సంపాదించుకొనుచున్నాడు, సంతోషమే. కాని అదే దినమున అతడొకదానిని పోగొట్టుకొనుచున్నాడు. “నాకు తెలియదు” అని చెప్పుకొను వీలు అతనికిక లేదు. ఈ నష్టమును గూర్చి ఏ పాఠ్యగ్రంథమును హెచ్చరించుట మేము చూడలేదు.

మన ధర్మచింతనలో కర్మకు సంకల్పము ప్రధానము. ఎఱుగక చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తము స్వల్పము, ఎఱిగి చేసినదానికి అధికము. న్యాయస్థానములలోను ఉద్దేశమును విచారింతురు. సూక్ష్మజీవి మాత్రము ఎవరి సంకల్పమును విచారింపదు. మంచి మనస్సుతో వచ్చిన చేతిమీదనుండియు అది గాయములో ప్రవేశించును. అట్టిచో మంచి మనస్సు గలవాడు, చదువుకొన్నవాడు, ఒక్క క్షణము ఏమరినవాడు దోషియా, కాదా?

ఈ ప్రశ్న ఊహాకల్పితము కాదు. బొంబాయిలో స్థిరపడిన మనవారికి పరేలులోని హాఫ్కిన్ సంస్థ పరిచితమే. 1896లో ఆ నగరమున ప్లేగు చెలరేగగా వాల్డెమార్ హాఫ్కిన్ టీకాను సిద్ధముచేసి, 1897 జనవరి 10వ తేదీన మొదట తన శరీరముమీదనే ప్రయోగించుకొనెను. పిమ్మట అది వేలకొలది జనులకు వేయబడినది. 1902 అక్టోబరు 30న, నాటి పంజాబులోనిదై నేడు పాకిస్తానులో నున్న ముల్కోవాల్ అను గ్రామమున 107 మందికి ఆ టీకా వేసిరి. వారిలో ఒకే సీసానుండి టీకా పొందిన 19 మంది ధనుర్వాతముతో మరణించిరి. ఆ సీసా పరేలునుండి వచ్చినది. నింద హాఫ్కిన్‌పై పడెను, పదవి పోయెను. సీసా తెఱచు సమయమున సహాయకుని చేతినుండి పట్టకారు నేలపై పడినదనియు, దానిని చక్కగా శుద్ధిచేయకయే మరల వాడిరనియు సాక్ష్యము కలదు. రొనాల్డు రాస్ మున్నగు శాస్త్రజ్ఞులు ఈ విషయమును పత్రికాముఖమున వాదింపగా, 1907లో గాని హాఫ్కిన్‌కు నిర్దోషిత్వము లభింపలేదు. 1925లో ఆ ప్రయోగశాలకు ఆయన పేరే పెట్టిరి.

ధనుర్వాతపు సూక్ష్మజీవిని గూర్చి మన పిల్లలందఱును చదువుదురు. దాని కొనయందు గుండ్రని బీజమొకటి ఏర్పడుననియు, అది “డ్రమ్‌స్టిక్” వలె నుండుననియు వ్రాసి మార్కులు పొందుదురు. (మా యెఱుకలో నొక విద్యార్థి మూడేండ్లపాటు దీనిని మునగకాడ యనియే తలచెను. డోలు వాయించు పుల్ల యని చెప్పినవారు లేరు!) కాని ఆ బీజము మట్టిలో ఏండ్ల తరబడి బ్రతుకుననియు, మరిగెడు నీటికిని లొంగకుండవచ్చుననియు, నేలపై పడిన పట్టకారునకు అంటునది అదియే ననియు ఆ నిమిషమున చేతికి జ్ఞప్తికి రావలెను. నాలుక వల్లెవేసినది చేతికి చేరకపోయినచో చదివిన చదువు పరీక్షాపత్రముమీదనే నిలిచిపోయినట్లు.

ముల్కోవాల్ సహాయకునిపై మాకు కోపము రాదు. అతనికి ఎంతవరకు నేర్పిరో, ఎంత హడావిడిలో పని చేయించిరో విచారింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు. నేర్పవలసినంత నేర్పక పని అప్పగించినవారికి ఆ దోషములో భాగము కలదు. నేర్పినదంతయు విని, తలయూపి, వ్రాసి, నూటికి ఎనుబది మార్కులు పొందినవాని సంగతి వేరు. మార్కులు హెచ్చిన కొలది అతనికి తప్పించుకొను దారి ఇఱుకగును.

మార్కుల సంగతి వచ్చినది గనుక ఒక మాట. నూటికి ఏబది వచ్చిన ఉత్తీర్ణత యను నియమము చరిత్రకు, కవిత్వమునకు సరిపోవును. విడిచిపెట్టిన రాజవంశమువలన ఎవరికిని జ్వరము రాదు. ఇచట విడిచిపెట్టిన ఏబదిలో ఏ రోగి యుండునో ఎవరు చెప్పగలరు? పరీక్షకులు వేఱొక కొలత కనుగొనలేరని మేమెఱుగుదుము. తక్కిన సగమును తరువాత చదువుట ఆ విద్యార్థి తీర్పవలసిన ఋణమని మాత్రము మా భావము.

ఇంతకంటె సూక్ష్మమైన దోషమొకటి ప్రయోగశాలలో ప్రతిదినము సంభవింప నవకాశము కలదు. క్షయరోగి కఫమును గాజుపలకపై పూసి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూచునపుడు కనీసము నూఱు దృష్టిక్షేత్రములను పరీక్షించినగాని “లేదు” అని వ్రాయరాదని నియమము. “ఉన్నది” అని వ్రాయుటకు కనబడినది ఆధారము. “లేదు” అని వ్రాయుటకు చూచినవాని ఓర్పు తప్ప వేరొక సాక్షి లేదు. ఇరువది చూచి కన్నులు నొచ్చి “లేదు” అని వ్రాసినచో ఆ ప్రక్కన కూర్చున్నవానికిని తెలియదు. వ్రాసిన కాగితమును పట్టుకొని ఆ రోగి ఇంటికి పోవును; ఆ యింట చిన్నపిల్లలుందురు. నేడు యంత్రములతో చేయు నూతన పరీక్షలు వచ్చి ఈ భారము కొంత తగ్గినది గాని, నమూనాను తీయునది, చీటీ అంటించునది, ఫలితమును వ్రాయునది మనుష్యుడే. ఎవరును చూడనిచోట చేయు పనికే ధర్మము కావలసినది. పదిమంది చూచుచోట సిగ్గు చాలును.

1884లో రంగువేయు పద్ధతిని ప్రకటించిన డెన్మార్కు దేశస్థుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ తన పద్ధతి లోపభూయిష్ఠమని తానే ఒప్పుకొని, ఇతరులకైనను ఉపయోగపడునని ఆశించెను. ఆ లోపభూయిష్ఠమైన పద్ధతితోనే మన పిల్లలు నేటికిని పాఠము ప్రారంభించుచున్నారు.

పశువైద్య విద్యార్థుల మాటకు వత్తము. దొమ్మ వ్యాధితో చచ్చిన పశువును కోయరాదని వారికి మొదటి పాఠములలోనే చెప్పుదురు. కోయనిచో కళేబరములోని సూక్ష్మజీవులు కుళ్లుటతోనే చాలవరకు నశించును. కోసినచో గాలి తగిలి బీజములుగా మారి నేలలో దశాబ్దములు నిలుచును. 1942లో బ్రిటిషువారు ఈ సూక్ష్మజీవినే ఆయుధముగా పరీక్షించిన స్కాట్లండులోని గ్రునార్డ్ దీవి 1990 వరకు మనుష్యులకు నిషిద్ధమై యుండెను. అదియు తెలిసినవారు చేసిన పనియే, అచట ఏమరుపాటు లేదు.

కోరాపుట్ జిల్లాలోను, దానికి చేరువనున్న విశాఖ మన్యములోను ఈ వ్యాధి పశువులనుండి మనుష్యులకు సోకిన సందర్భములు ఇటీవలి దశాబ్దములలోను కలవు. జయపురము, రాయగడ ప్రాంతములలో తరతరములుగా నున్న మన కుటుంబములకు ఇది దూరపు వార్త కాదు. చచ్చిన యెద్దు మాంసమును పంచుకొని తినుటవలనను, తోలు ఒలుచుటవలనను అది సోకుచుండును. “అజ్ఞానము” అని పట్టణమున కూర్చుండి మనము సులభముగా అనెదము. కాని యెద్దును పోగొట్టుకొన్నవానికి ఆ తోలే మిగిలిన సొత్తు. ఆ మాంసము ఆ వారమునకు ఆ యింటివారికి ఆహారము.

యువ పశువైద్యుడు అచటికి పోయి చెవి నరమునుండి రక్తపు చుక్క తీసి, రంగువేసి చూచి, “కోయరాదు, లోతుగా పూడ్చుడు, లేదా కాల్చుడు” అనును. శాస్త్రరీత్యా అతడు చెప్పినది ముమ్మాటికి సత్యము. కాని ఆ సత్యపు ఖరీదును ఎవరు చెల్లించుచున్నారు? ఊరందఱి క్షేమమునకై ఒక బీదవాడు తన తోలును, కూడును వదలుకొనవలెనని చెప్పుచున్నాము. తెలిసినవాడు తెలియనివానికి నిషేధము మాత్రము చెప్పి మరలివచ్చిన, అతని తెలివిలో సగము పని మిగిలియున్నట్లే. నష్టపరిహారమునకై అర్జీ వ్రాసిపెట్టుట, తక్కిన పశువులకు ఆ సాయంకాలమే టీకా వేయుట, కట్టెలకును గొయ్యికిని ఊరివారిని కూడగట్టుట కూడ ఆ పాఠములోనివే యని మేము తలంతుము.

“దొమ్మ వ్యాధి కళేబరమును ఎందులకు కోయరాదు?” అను ప్రశ్నకు మన పిల్లలు చక్కని సమాధానము వ్రాయుదురు. కోయనందున ఆ రాత్రి ఆ యింట ఏమి వండుకొందురను ప్రశ్న పత్రములో నుండదు. ఆ యింటివారు మాత్రము దానినే మొదట అడుగుదురు.