ఇచ్చే చేయి ఎవరిది?

దీపావళి దగ్గర పడింది. పండుగ చూసుకుని ఊరికి తిరిగి వెళ్ళబోయే పెద్దవాళ్ళు మన హమద్ టౌన్ ఇళ్ళలో అప్పుడే జాబితాలు చెబుతున్నారు. వియ్యపురాలికి సెంటు సీసా, ఆడపడుచు మనవడికి బొమ్మకారు, పక్కింటివాళ్ళకు ఖర్జూరాలు, అడిగినవాళ్ళందరికీ టైగర్ బామ్, తాము లేనప్పుడు తులసికోటకు రోజూ నీళ్ళు పోస్తున్న పనమ్మాయికి మంచి దుప్పటి. గల్ఫ్ నుంచి వట్టి చేతులతో వెళ్ళకూడదని ఆ తరం పట్టుదల.

చాలా ఇళ్ళలో జరిగేదేమిటంటే, పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులు కదా అని ఆవిడను ఇంట్లోనే ఉంచి, శుక్రవారం ఒక్క గంటలో సూపర్ మార్కెట్‌లో సామానంతా కొని తెచ్చేస్తారు. "అన్నీ అయిపోయాయమ్మా, మీరు ఇవ్వడమే తరువాయి" అంటారు. అది ప్రేమే, కాదనలేం. కానీ ఆ దుప్పటి ఇచ్చింది ఎవరు అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని పదకొండవ అనువాకం మనకు బాగా పరిచయమైనదే. చదువు ముగించిన శిష్యుడికి గురువు చేసే ఉపదేశమది. తల్లిని దైవంగా చూసుకోమన్నది అక్కడే. ఎలా ఇవ్వాలో చెప్పిందీ అక్కడే: శ్రద్ధ ఉండాలి, అణకువ ఉండాలి, తెలిసి ఇవ్వాలి. మొదటి మాట పాటిస్తున్నామనుకుంటూ, రెండో మాట పాటించే వీలు ఆ తల్లికే లేకుండా చేయడం సబబేనా?

తెలిసి ఇవ్వడం అన్నచోటే అసలు చిక్కు. ధర వింటే ఆవిడ వెంటనే రూపాయల్లోకి మార్చి గుండె మీద చెయ్యి వేసుకుంటుంది. అందుకని ధర చీటీలు చింపేసి, ఐదు దినార్ల వస్తువును ఒక దినారని చెప్పే అలవాటు మనలో ఉంది. (రూపాయల లెక్క అంత నవ్వుకోవలసిందేమీ కాదు. 1965లో దినారు వచ్చేదాకా బహ్రెయిన్‌లో చెలామణి అయింది రూపాయే. అప్పుడు పది రూపాయలకు ఒక దినారు, ఇప్పుడు రెండు వందలు దాటింది.) ఆవిడ బాధపడకూడదని చెప్పే ఆ అబద్ధం మంచిదేనని కొందరి వాదన. మాకైతే ఒప్పుదల కాదు. ఎవరికి ఎంతలో పెట్టాలన్నది ఆవిడ నలభై ఏళ్ళుగా నడుపుతున్న లెక్క. ఒక వియ్యపురాలికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అయితే ఊళ్ళో మాట పడేది ఆవిడే, మనం కాదు.

డబ్బు మనదైతే కానుక ఆవిడది ఎలా అవుతుందని అడగవచ్చు. బజారుకు బయలుదేరక ముందే ఇరవయ్యో ముప్పయ్యో దినార్లు ఆవిడ చేతిలో పెట్టి, మళ్ళీ లెక్క అడగకుండా ఉంటే ఆవిడదే అవుతుంది. కౌంటరు దగ్గర మనం కార్డు తీస్తే కాదు. ఇక పెన్షన్‌లో దాచుకున్న నోట్లు పమిట కొంగులోంచి తీస్తే, "మీ డబ్బెందుకమ్మా" అని తోసెయ్యకండి. ఎక్స్ఛేంజికి తీసుకువెళ్ళి మార్పించి ఇవ్వండి.

మోకాళ్ళ మాట నిజమే. మనామా సూక్ సందుల్లో వారాంతపు జనంలో ఆవిడను తిప్పమనడం లేదు. వారం మధ్యలో ఒక సాయంత్రం, బాబ్ అల్ బహ్రెయిన్ దగ్గర దింపి, రెండు మూడు దుకాణాలు చాలు. ప్రతి దుకాణంలో ఒక కుర్చీ అడగండి, ఎవరూ కాదనరు. బేరం ఆవిడనే ఆడనివ్వండి. మనం దుబాసీలం మాత్రమే. "ఇంకో అర దినారు తగ్గించు నాయనా, నీకెంతమంది పిల్లలు?" అని ఆవిడ అంటే, మొదటి సగం మాత్రం హిందీలో చెప్పి ఊరుకోవడం అన్యాయం. ఆ మలయాళీ దుకాణదారుకు రెండో సగమే నచ్చవచ్చు.

పెట్టె సర్దేటప్పుడు విమానంవాళ్ళ బరువు లెక్క ఎలాగూ అడ్డు వస్తుంది. ఏదో ఒకటి తీసెయ్యాలి. అన్నిటికంటే బరువైనది దుప్పటి కాబట్టి మన చెయ్యి ముందు దాని మీదకే పోతుంది. ఆవిడను అడగండి. సెంటు సీసాలు, తన కోసం మనం కొన్న చీరలు తీసెయ్యమంటుందేమో!