వ్యయపరిమితి, వ్రతనిష్ఠ

ధనాన్ని వెచ్చించే అధికారం చేతిలో ఉన్నవాడు ఆ అధికారానికి తానే హద్దు గీసుకోవలసిన అవసరమేమిటన్న ప్రశ్నను జైనధర్మం సూటిగా ఎదుర్కొన్నది. సర్వం త్యజించిన మునికి అపరిగ్రహాన్ని, అంటే దేనినీ తనదిగా ఉంచుకోకపోవడాన్ని, మహావ్రతంగా విధించిన ఆ ధర్మం, సేద్యమో వర్తకమో చేసుకుంటూ సంసారం నడిపే శ్రావకునికి అదే నియమాన్ని పరిగ్రహ పరిమాణమనే అణువ్రతంగా, అనగా తన ఆస్తికి ముందే ఒక కొలత నిర్ణయించుకొని దానిని దాటకుండా ఉండే వ్రతంగా, సడలించి ఇచ్చింది.

శ్వేతాంబర ఆగమాలలో ఏడవ అంగమైన ఉపాసకదశాంగ సూత్రంలో ఆనందుడనే గృహపతి మహావీరుని ఎదుట ఈ వ్రతం పట్టినప్పుడు తన సిరిని వదులుకోలేదు. నిధిలోను, వడ్డీ వ్యాపారంలోను, గృహసామగ్రిలోను ఉన్న నాలుగేసి కోట్ల సువర్ణం, 500 నాగళ్ల భూమి దగ్గర గీత గీసి, స్నానపు నీటి కుండల లెక్కను, పళ్లు తోముకునే అతిమధురం పుల్లను సైతం భోగవస్తువులకు పెట్టుకున్న మరో పరిమితిలో చేర్చాడు. పరిమితి లక్ష్యం పేదరికం కాదని, కోరిక పుట్టకముందే దానికి కట్ట వేయడమని, పెద్ద మొత్తాలకు కాపలా ఉన్నచోట ఆశ చిన్న వస్తువుల గుండా జారిపోతుందని ఈ జాబితా తెలుపుతుంది.

కొత్తగా మొదలైన వ్యాపార సంస్థలో, అంటే స్టార్టప్‌లో, ఖర్చుకు హద్దు గీసుకునే ఈ ప్రశ్న మరింత గంభీరమవుతుంది, ఎందుకంటే అక్కడి ధనం చాలావరకు పెట్టుబడిదారులది, దాని మీద ఆధారపడినవి ఉద్యోగుల జీతాలు. ఖాతాలో 1 కోటీ 20 లక్షల రూపాయలున్న సంస్థ ఆదాయం పోగా నెలకు 10 లక్షలు కరిగిస్తే, ఆ కరుగుదలను బర్న్ రేట్ అని, సొమ్ము నిలిచే 12 నెలల కాలాన్ని రన్‌వే అని అంటారు. ఆ కరుగుదల 15 లక్షలకు పెరిగితే ఆ కాలం 8 నెలలకు కుదించుకుపోతుంది, పోయిన నాలుగు నెలలు అందరి జీవనం నుంచి పోయినవే.

అయితే హద్దు గీయడం కంటే దానిని వంచించకుండా ఉండడం కష్టమని 12వ శతాబ్దపు జైన ఆచార్యుడు హేమచంద్రుడు ఎరుగును. ఇళ్ల సంఖ్యకు పరిమితి పెట్టుకున్నవాడు పక్క ఇల్లు కొని, నడిమి గోడ తీసేసి ఒకే ఇల్లని లెక్క చూపడాన్ని ఆయన గ్రంథమైన యోగశాస్త్రపు సంప్రదాయం అతిచారంగా, అంటే వ్రతం పూర్తిగా భంగం కాకున్నా దానికి మచ్చ తెచ్చే దోషంగా, పరిగణిస్తుంది. అనుమతి లేకుండా 50 వేల వరకే కొనవచ్చన్న నియమమున్న సంస్థలో 90 వేల కొనుగోలును రెండు బిల్లులుగా విడగొట్టడం ఈ దోషమే. అద్దె సర్వర్లకు, అంటే క్లౌడ్‌కు, అయ్యే ఖర్చు గీత దాటిందని వచ్చిన హెచ్చరిక దానంతటది సర్వర్లను ఆపదని తెలిసీ దానిని చదివి పక్కన పెట్టడం కూడా ఆ కోవలోనిదే.

వ్యాపారంలో అవసరాలు మారతాయి కనుక పరిమితిని సవరించడం తప్పు కాదు, కాని ఆ సవరణ ఖర్చుకు ముందే, కారణం రాసిపెట్టి, అందరికీ తెలిసేలా జరగాలి. అణువ్రతం పట్టినవాడినే కట్టివేస్తుంది. కాబట్టి సంస్థలో పరిమితికి లోబడవలసిన మొదటి బిల్లు, దానిని నిర్ణయించిన వ్యవస్థాపకునిదే కావాలి.