జీవనోపాధి - దేశాంతరగమనము

ఏడుకొండలవాని సన్నిధికి వచ్చు యాత్రికులలో వివాహమునకై మ్రొక్కుకొనువారు కలరు, సంతానమునకై మ్రొక్కుకొనువారు కలరు. మ్రొక్కు ఏమని అడిగినచో వెంటనే చెప్పలేనివారును కొందరు కలరు. వారికి వేరొక ఊరినుండి ఉద్యోగము వచ్చి ఉండును. జీతము ఇప్పటికంటె ఎక్కువ. కాని పుట్టిన ఊరు, పెద్దలు వెలిగించిన దీపము, కోవెల వీధి విడువవలెను. వారు స్వామిని ఉద్యోగము కోరుటలేదు, అది వచ్చియే ఉన్నది. వెళ్ళవలెనో ఉండవలెనో స్వామియే చెప్పవలెనని వారి ప్రార్థన.

ఇది భక్తివలె కనబడును. కొంత భక్తి ఉన్నమాటయు నిజమే. కాని పరిశీలించి చూచినచో భయము పాలు అధికముగా నుండును.

మన ఇండ్లలో చీటీలు వేయు అలవాటు ఒకటి కలదు. రెండు కాగితపు ముక్కలపై 'వెళ్ళుము', 'వలదు' అని వ్రాసి, మడచి, పెరుమాళ్ళ ముందుంచి, పసిబిడ్డచేత ఒకటి తీయింతురు. మనసులోనున్నది రాకున్నచో మడత సరిగా పడలేదని మరల వేయుదురు. మూడవమారు వచ్చినది స్వామి ఆజ్ఞ యగును! రేపు ఆ క్రొత్త ఊరిలో కష్టము సంభవించినచో నింద ఎవరిపై మోపవలెనో ఆ చీటీతోడనే సిద్ధమై యుండును. శరణాగతుడు తన భారమును స్వామిపై ఉంచవచ్చును. ఆలోచింపక చేసిన పని తప్పును కూడ ఆయనపై ఉంచుట శరణాగతి కాదు.

శ్రీరామానుజులంతటివారు తిరుక్కచ్చినంబి ద్వారా కంచి వరదరాజస్వామిని అడిగించుకొనలేదా యని కొందరు ప్రశ్నింతురు. అడిగించుకొనిరి. స్వామి ఆరు మాటలు సెలవిచ్చెనని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. పరతత్త్వమెవరో, జీవునకు ఈశ్వరునకు భేదమున్నదో లేదో, మోక్షమునకు ఉపాయమేదో అందున్నది. ఆచార్యుడెవరో కూడ ఉన్నది. కాని కాంచీపురముననే ఉండుమనిగాని, శ్రీరంగమున కాపురము పెట్టుమనిగాని ఆ ఆరింటిలో లేదు. పెరియనంబిని ఆశ్రయింపవలెనని తెలిసినంతనే రామానుజులు తామే బయలుదేరిరి. అదే సమయమున పెరియనంబియు రామానుజులకొరకే శ్రీరంగమునుండి బయలుదేరి వచ్చుచుండిరి. ఇరువురును దారిలో మధురాంతకమున కలిసికొనిరి. తత్త్వము స్వామి చెప్పెను, ప్రయాణము వారు చేసిరి.

గీతాశాస్త్రములోని క్రమమును గమనింపవలెను. పదునెనిమిది అధ్యాయములు బోధించిన పిదప శ్రీకృష్ణపరమాత్మ, చెప్పినదంతయు పూర్తిగా విమర్శించుకొని తన ఇచ్చ వచ్చినట్లు చేయుమని నిర్ణయమును అర్జునునకే విడిచిపెట్టెను. మన సంప్రదాయమునకు ప్రాణమైన చరమశ్లోకము దానికి తరువాత మూడవ శ్లోకము. విమర్శ ముందు, శరణాగతి పిదప. ఈ వరుసను తారుమారు చేసికొని, విమర్శ చేయనక్కరలేదనుటకే శరణాగతిని వాడుకొనువారు మనలో లేకపోలేదు.

ఇక స్థలముపై మమకారము. అది వైష్ణవునకు తప్పు కాదు. కులశేఖరాళ్వారు తిరుమలపై ఏదో యొకటిగా పడియుండిన చాలునని కోరుకొనిరి. గర్భాలయపు గడపను నేటికిని ఆయన పేరనే పిలుచుచున్నారు. అనంతాళ్వాను కథ మరింత ముచ్చటయైనది. ఆయన కొండ దిగి ప్రయాణము చేయుచు దారిలో ప్రసాదపు మూట విప్పగా అందులో చీమలు కనబడెనట. కొండపై పుట్టవలెనని తపించిన మహానుభావులే ఈ చీమలై ఉందురేమో, వీరిని స్వామికి దూరము చేసితినే యని, మూట కట్టుకొని మరల కొండయెక్కి, వానిని అక్కడ విడిచి, అప్పుడు దిగెనట.

చీమను సైతము స్వస్థలమునుండి కదల్చుటకు ఇంత వెనుకాడిన ఆ మహనీయుడు తాను మాత్రము కదలి వచ్చినవాడే. శ్రీరంగమున రామానుజులు తిరువాయిమొళికి వ్యాఖ్యానము చెప్పుచు, తిరుమలపై పుష్పకైంకర్యమునకు ఎవరు పోవుదురని అడిగిరి. ఆనాటి కొండ నేటి కొండ కాదు. చలి, అడవి, జ్వరము. సభ యంతయు మౌనముగా నుండగా లేచినవాడు అనంతాళ్వాను. ఆయన భార్యతో చెరువు త్రవ్విన గునపము మహాద్వారమువద్ద ఈనాటికిని చూచుచునే ఉన్నాము.

మనుష్యుల మాట అటుంచి, 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగముపైకి వచ్చినపుడు ఉత్సవమూర్తియైన నంబెరుమాళ్ళే ఊరు విడువవలసి వచ్చెను. పిళ్ళైలోకాచార్యులు ఆ మూర్తిని వెంటబెట్టుకొని బయలుదేరి మార్గమధ్యముననే పరమపదించిరి. పిమ్మట ఊరూరు తిరిగిన శ్రీరంగనాథుడు తిరుమలలో కొంతకాలము తలదాచుకొని, 1371లో గాని స్వస్థలము చేరలేదు. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపమునకు ఆ పేరు అందుచేతనే వచ్చినది. దాని ప్రక్కగా నడచిపోవు యాత్రికులలో ఎందరికి ఈ సంగతి గుర్తుండునో!

ఉండిపోయినవారును కలరు. విజయనగర ఆస్థానమునకు రమ్మని విద్యారణ్యులు పిలిపించినను వేదాంతదేశికులు వెళ్ళలేదు. ఈ కథను చెప్పి, "దేశికులవారే పోలేదు, మనమెందుకు పోవలెను" అని అరుగుపై కూర్చుండువారు ఒక సంగతి మరచెదరు. దేశికులు ఉంఛవృత్తితో జీవించిరి. తమ నిరాకరణకు వెల తామే చెల్లించిరి. ఎవరో భిక్షలో బియ్యముతో కలిపి వేసిన బంగారు నాణెములను వారి ఇల్లాలు ఇవేమో తెలియక పారవేసినదట. అంగడిలో అప్పు పెంచుకొనుచు, చెల్లెలి పెండ్లి బాకీ తీర్చక, దేశికుల వైరాగ్యమును ఉదాహరించుట వారికి అపచారము.

కాబట్టి పోవుటలో దోషము లేదు, ఉండుటలో గొప్ప లేదు. విచారింపవలసినది వేరొకటి కలదు.

మంగళగిరిలో ఒక గృహస్థుని సంగతి చూడవచ్చును. వస్త్రముల దుకాణములో పదునొకండు సంవత్సరములుగా లెక్కలు వ్రాయుచున్నాడు. తల్లి ప్రతి శనివారము తులసిమాల కట్టి కొండ దిగువనున్న లక్ష్మీనరసింహస్వామికి సమర్పించును. ఇంట సాలగ్రామారాధన కలదు. చెల్లెలి వివాహమునకు చేసిన అప్పు వడ్డీతో పెరుగుచున్నది. ఇట్లుండగా పురుగుమందుల కంపెనీ ఒకటి అతనిని ఆదిలాబాదు జిల్లాలో అమ్మకముల ప్రతినిధిగా రమ్మన్నది. జీతము దాదాపు రెట్టింపు. కాని అందులో సగమే స్థిరము, తక్కినది అమ్మకమును బట్టి.

తల్లి చీటీలు వేయుదమన్నది. తిరుపతినుండి బెజవాడ మీదుగా పోవు కృష్ణా ఎక్స్‌ప్రెస్సు ఆదిలాబాదుకే పోవునని విని, ఇంతకంటె శకునమేమి కావలెనని సంతోషించినది. ఆ ఇంటికి ఆచార్యస్థానముననున్న వృద్ధస్వామి నవ్వి, "ఆ బండి ప్రతిదినము పోవును తల్లీ" అని ఊరకున్నారు.

పిమ్మట కుమారుడు, "స్వామీ, వెళ్ళమందురా, వలదందురా?" అని అడిగెను.

"వెళ్ళు సంగతి తరువాత, నాయనా. నీవు అమ్మవలసినదేమి?"

"ప్రత్తిరైతులకు పురుగుమందులు, స్వామీ."

"రైతుకు మందు అక్కరలేని వారమున ఏమి చెప్పుదువు?"

అతడు మాటలాడలేదు. ఊరి విషయము, బడి విషయము, అద్దె విషయము అన్నియు ఆలోచించుకొని వచ్చినవాడే. ఇది మాత్రము ఆలోచింపలేదు.

ఈ ప్రశ్న ఎంత లోతైనదో ప్రత్తి పండించు ఊళ్ళు తెలిసినవారికి తెలియును. చేనిలో పురుగు కనబడగానే చిన్నరైతు పోవునది దుకాణమునకే. ఏ మందు చల్లవలెనో చెప్పువాడు, ఆ మందును అరువిచ్చువాడు, ప్రత్తి అమ్మగానే బాకీ వసూలు చేసికొనువాడు తరచుగా ఒక్కడే. అతని దుకాణములో సరకు నింపుట కంపెనీ ప్రతినిధి పని. నెల తిరుగునప్పటికి ఇన్ని సీసాలు కదలవలెనని ప్రతినిధిపై ఒత్తిడి. ప్రతినిధి దుకాణదారును ఒత్తును, దుకాణదారు రైతును ఒత్తును. అక్కరలేని మందు చల్లినచో పోవునది డబ్బు మాత్రమే కాదు. పేనుబంకను తినుచు పైరును కాపాడు అక్షింతల పురుగులు ముందుగా చచ్చును. పిదప పురుగు మరింత పెరుగును, మరింత మందు కావలెను. 1997-98లో వరంగల్లు ప్రాంతమున పురుగుపట్టి ప్రత్తి నశింపగా, అప్పులలో మునిగిన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. చేనికని అప్పుగా తెచ్చిన మందునే త్రాగినవారు వారిలో ఉండిరి.

ఇంతమాత్రమున ఆ వ్యాపారమే పాపమని చెప్పుటకు వీలులేదు. తగిన వేళ, తగిన మోతాదులో చల్లిన మందు ఒక కుటుంబపు సంవత్సరకాలపు కష్టమును నిలుపును. అమ్ముట తక్కువ పనియనుకొను పండితులకు మహాభారత శాంతిపర్వములోని తులాధారుడు జవాబు. జాజలి యను ముని కదలక మెదలక తపస్సు చేయగా తలపై పక్షులు గూడుకట్టి పిల్లలను పొదిగినవి. తనంతటి ధర్మాత్ముడు లేడని అతడు గర్వింపగా, కాశీలోని తులాధారునకు నీవు సాటిరావని ఒక వాణి పలికెను. వెళ్ళి చూడగా ఆయన అంగడిలో కూర్చుండి మూలికలు, కట్టెలు, సుగంధద్రవ్యములు అమ్ముకొను వర్తకుడు. ఇతరులవద్ద కొని, మోసము లేక అమ్ముట ఆయన వృత్తి. మద్యమును మాత్రము అమ్మడు. ఆయన త్రాసు అందరికిని ఒక్కటే.

తులాధారుని ధర్మములో ఈ రెండును చూడవలెను: ఎట్లు అమ్మవలెనో, ఏది అమ్మరాదో. మొదటిది చెప్పువారు చాలమంది. రెండవదానిని జీతము పుచ్చుకొనువాడు పాటించుట కష్టము. తులాధారుడు తన అంగడికి తానే యజమాని. ఈ గృహస్థుని త్రాసు వేరొకరి చేతిలో ఉన్నది. అతడు అమ్మనన్నచో నెల జీతములో కోతపడును. అందుచేత ఇట్టి ఉద్యోగమున ధర్మపరీక్ష చేరిన తరువాత రాదు, చేరుటకు ముందే ఉన్నది. అప్పు తీర్చు తొందరలో సంతకము చేసి, ఆ పిమ్మట మనస్సాక్షిని వెదకుకొనువానికి జీతమే సంకెల యగును.

వృద్ధస్వామి అతనికి శాస్త్రవచనము లేవియు చెప్పలేదు. ఒకమారు పోయి చూచి రమ్మన్నారు. ఆ స్థానము ఎందుకు ఖాళీ యైనదో కనుగొనుమన్నారు. వెనుకటివాడు పై పదవికి పోయెనా, విసిగి పోయెనా? స్థిరముగా వచ్చు సగము జీతముతోనే ఆరు నెలలు ఇల్లు గడుచునా? గడిచినచో 'ఈ వారము మందు వలదు' అనుటకు నోరు వచ్చును, గడువకున్నచో రాదు. ఇది వేదాంతము కాదు, గుమాస్తా లెక్క. కాని ఈ లెక్క కుదిరినగాని ఆ వేదాంతము నిలువదు.

తల్లి విషయమై ఆయన మరియొక మాట చెప్పిరి. ఆమెను తీసికొనిపోవుటయో విడిచిపోవుటయో భార్యాభర్తలు రాత్రిపూట గుసగుసలాడుకొని తేల్చదగినది కాదు, ఆమెనే ఎదుట కూర్చుండబెట్టి అడుగవలెను. నలువది ఏండ్ల శనివారములు ఆమెవి. సాలగ్రామము పెట్టెలో పెట్టి ఎచ్చటికైనను కొనిపోవచ్చును. రామానుజులు చోళరాజు బాధచే శ్రీరంగము విడిచి మేలుకోటకు పోయి, అక్కడ పన్నెండేండ్లు ఉండి ఆరాధన నిలిపినారు గదా! కాని ముదిమిలో ఇరుగుపొరుగును పెట్టెలో పెట్టుకొని పోలేము.

అతడు పోయి మూడు దినములకు తిరిగివచ్చెను. వెనుకటి ప్రతినిధి దొరికినాడు. చెప్పిన అమ్మకము వరుసగా రెండు నెలలు కాకపోవుటచే మానుకొన్నాడట. ఇద్దరు దుకాణదారులతో మాటలాడగా ఒకడు నవ్వెను. రెండవవాడు, నిజము చెప్పు ప్రతినిధి సరకునే రైతులు మరుసటి ఏడు అడిగి తీసికొందురని చెప్పెను. ఇంటికి వచ్చి అతడు కంపెనీవారికి ఒక ఉత్తరము వ్రాసెను. రైతుకు అక్కరలేదని తోచినపుడు మందు వలదని చెప్పుటకు తనకు స్వాతంత్ర్యము ఉండునా, అందువలన అమ్మకము తగ్గినచో మొదటి ఆరు నెలలు ఉద్యోగమునకు భంగము కలుగదని వ్రాసి ఇత్తురా యని అడిగెను. ఇట్లడిగినచో అసలు ఉద్యోగమే పోవునేమోనని భార్య భయపడినది. పోవచ్చునని వృద్ధస్వామియు ఒప్పుకొనిరి.

సమాధానము వచ్చువరకు అతడు వస్త్రముల దుకాణమునకు పోవుచునే ఉన్నాడు. చీటీల మాట ఇంట మరల రాలేదు. ఒక శనివారము మాల కట్టుచు తల్లి, ఆదిలాబాదులో నేల ఎట్టిదని అడిగినది. నల్లరేగడి యని అతడు చెప్పెను. ఆ నేలలో తులసి బ్రతుకునా యని ఆమె మరల అడిగినది. నీరు నిలువకుండ చూచుకొన్నచో బ్రతుకునని, అక్కడి ఇండ్ల ముందు చూచితినని అతడు చెప్పెను.