పేరులేని వోటరు

రాజ్యాంగమున స్వతంత్రసంస్థలను నెలకొల్పినంతమాత్రమున సంఘము మాఱునా? మాఱదనువారు ఆచారబలమును చూపుదురు. మాఱుననువారు శాసనబలమును చూపుదురు. ఈ వివాదమున నుపకరించు నొక సంగతిని మేము పాఠకుల ముందుంచెదము.

మన రాజ్యాంగమందలి 324వ అధికరణముచే నేర్పడిన ఎన్నికల కమిషను 1950 జనవరి 25వ తేదీన నెలకొనెను. 1951-52 నాఁటి తొలి ఎన్నికలకై పట్టికలు వ్రాయుచుండఁగా, ఉత్తరదేశమున పెక్కండ్రు స్త్రీలు పరాయివారికి తమ పేరు చెప్పుట మర్యాద గాదని తలంచి, ఫలానివాని భార్యయనియో తల్లియనియో వ్రాయించుకొనిరి. ప్రధాన కమిషనరగు సుకుమార్ సేన్‌గారు సొంతపేరు లేనిదే నమోదు లేదనిరి. బీహారులో గడువును ఒకనెల పొడిగించిరి. తుదకు రమారమి ఎనిమిదికోట్ల స్త్రీవోటర్లలో ఇంచుమించు 28 లక్షలమంది పట్టికలనుండి తొలఁగింపఁబడిరి.

ఇది న్యాయమా? తప్పు ఆచారముది, దండన స్త్రీలది. ఈ యాక్షేపణ తేలికగా త్రోసివేయఁదగినది గాదు. అయినను, పేరులేని స్త్రీకి వోటిచ్చుట భర్తకు రెండవ వోటిచ్చుటయే యగు ప్రమాదము గలదు. వోట్లు యాచింపవలసిన మంత్రి ఇన్ని లక్షల కుటుంబములను నొప్పించుటకు సాహసింపఁడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలఁగించు పద్ధతినిఁ దప్ప తొలఁగింపరాని యధికారికి ఆ సాహసము చెల్లినది.

దక్షిణాఫ్రికావారు 1996 నాఁటి తమ రాజ్యాంగమున తొమ్మిదవ అధ్యాయమును ఇట్టి సంస్థలకే కేటాయించి, స్త్రీపురుష సమానత్వమునకై యొక కమిషనునుఁ గూడ చేర్చిరి. ఆ యధ్యాయమునందలి పబ్లిక్ ప్రొటెక్టరు ఉత్తరువును అధ్యక్షుఁడు పాటింపకుండఁగా, 2016 మార్చి 31న రాజ్యాంగ న్యాయస్థానము దానిని పాటించి తీరవలయునని తీర్పు చెప్పెను. సొంతయింటిపై వ్యయమైన ప్రజాధనములో సుమారు 78 లక్షల రాండ్లను ఆయన తిరిగి చెల్లించెను.

అయితే స్వాతంత్ర్యమునకు ఆయువుపట్టు నియామకము. పార్లమెంటు చట్టము చేయువఱకు కమిషనర్ల నెన్నుకొను సమితిలో ప్రధానమంత్రితోను ప్రతిపక్షనాయకునితోను ప్రధానన్యాయమూర్తియు నుండవలెనని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పెను. ఆ డిసెంబరులో వచ్చిన చట్టము న్యాయమూర్తి స్థానమున కేంద్రమంత్రిని నిలిపెను. మువ్వురిలో నిద్దఱు ప్రభుత్వమువారే యైనపుడు మూఁడవవాని మాటకు విలువ యెంత?

కావున సంస్థల స్వాతంత్ర్యమును కాపాడుకొనవలయును. అంతతో మన పని తీఱినదని యనుకొనరాదు. ఆ స్త్రీలకు వోటు పోయినది కచ్చేరిలో. పేరు అంతకు మునుపే యింట పోయినది. పోయినచోటనే దానిని వెదకవలయును. పాఠకులు తమ యింటి దస్తావేజుల నొకమాఱు తీసి, అందు స్త్రీల సొంతపేళ్లు ఎన్నింట నున్నవో చూచెదరు గాక.